సైన్యం నుంచి సైబరాబాద్ గేటు దాకా

భారత సాయుధ దళాల నుంచి ఏటా సుమారు 60 వేల మంది విరమణ పొంది ఇళ్లకు చేరుతున్నారు. వారిలో అత్యధికులు జవాన్లు, నాయక్‌లు, హవల్దార్లు. కేంద్ర ప్రభుత్వంలో ఇతర ఉద్యోగి 60 ఏళ్లకు విరమణ పొందితే, జవాను 40 ఏళ్లు రాకముందే ఇంటికొస్తాడు. పిల్లలు అప్పటికి హైస్కూల్లో ఉంటారు, సొంత ఇల్లు సగంలో ఉంటుంది. రెండో ఉద్యోగం వెతుక్కోక తప్పదు. తెలుగు రాష్ట్రాల మాజీ సైనికుల్లో చాలామందికి ఆ రెండో ఉద్యోగం మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడల మధ్య పరుచుకున్న ఐటీ కారిడార్‌లో, ఏదో ఒక అద్దాల భవనం గేటు దగ్గర దొరుకుతోంది. వాళ్లు అక్కడికి చేరిన దారిని మొదటి నుంచి చూస్తే, సైన్యం నేర్పిన పనికి, బజారు కట్టిన వెలకు మధ్య ఎంత దూరం ఉందో తెలుస్తుంది.

సైన్యంలో చేరే తెలుగు యువకుల్లో ఎక్కువమంది పల్లెల నుంచి, చిన్న కమతాల కుటుంబాల నుంచి వస్తారు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపి 'మిలిటరీ మాధవరం'గా పేరు తెచ్చుకుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అన్న వెనక తమ్ముడు, మామ వెనక అల్లుడు పటాలానికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వలస తప్పని నేలలో, నెల తిరిగేసరికి జీతం, ఆ తర్వాత పెన్షన్ వచ్చే ఒకే ఒక్క వలస సైన్యం. దేశభక్తి ఉంది, యూనిఫాం మీద మోజు ఉంది. వాటితోపాటు ఈ లెక్క కూడా ఉంది, దాన్ని చెప్పుకోవడంలో చిన్నతనం లేదు.

సికింద్రాబాద్, గుంటూరు, విశాఖపట్నాల్లోని ఆర్మీ రిక్రూటింగ్ కార్యాలయాల పరిధిలో ర్యాలీలు జరుగుతాయి. ఊరి బయట తారు రోడ్డు మీద తెల్లవారుజామున నాలుగింటికి పరుగు సాధన చేసే కుర్రాళ్లు ఆ జిల్లాల్లో మామూలు దృశ్యం. చాలా ఏళ్లుగా నడిచిన కొలమానం ప్రకారం 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లోపు పరిగెత్తితే పూర్తిగా 60 మార్కులు, పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గుంత దూకాలి. తర్వాత వైద్య పరీక్ష, 2023కు ముందైతే చివరగా రాత పరీక్ష. పరుగులో నెగ్గినవాడు పంటి లోపంతోనో, చదునైన పాదంతోనో వైద్య పరీక్షలో ఆగిపోతాడు. మూడు నాలుగు ర్యాలీలు తిరిగి, వయసు దాటిపోయి, కూలి పనికో డ్రైవింగ్‌కో మళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

ఎంపికైనవాడు శిక్షణ కేంద్రానికి వెళ్తాడు. మద్రాస్ రెజిమెంట్‌కు ఎంపికైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్. శతఘ్ని దళమైతే నాసిక్ రోడ్ లేదా హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్. మరమ్మతుల విభాగం ఈఎంఈ, ఆయుధ సామగ్రి విభాగం ఏఓసీల శిక్షణ కేంద్రాలు సికింద్రాబాద్‌లో ఉన్నాయి. కుతుబ్‌షాహీల కోట పక్కన దేశం నలుమూలల కుర్రాళ్లు ఫిరంగి పని నేర్చుకునే ఆ మైదానాల నుంచి రాయదుర్గం ఐటీ భవనాలు కొద్ది కిలోమీటర్ల దూరమే. ఆ కాస్త దూరం దాటడానికి ఒక గన్నర్‌కు పదిహేడేళ్లకు పైగా పడుతుంది, మధ్యలో సియాచిన్, కుప్వారా, తేజ్‌పూర్ ఉంటాయి.

ఇవాళ కారిడార్‌లో యాభైకి అటూ ఇటూ వయసున్న మాజీ సైనికుల్లో చాలామంది 1990లలో చేరినవారు. వారికంటే పెద్దవారిలో శ్రీలంక చూసినవారున్నారు. 1987 జూలై చివర భారత శాంతి పరిరక్షక దళంలో మొదటగా జాఫ్నాకు వెళ్లిన 54వ పదాతి డివిజన్ సికింద్రాబాద్‌లో ఉండేదే. శాంతి కాపాడటానికని వెళ్లిన దళం అక్టోబర్ నాటికి ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగింది. 1990 మార్చిలో చివరి దళాలు తిరిగొచ్చేసరికి వెయ్యి మందికి పైగా భారత సైనికులు మరణించారు. ఆ యుద్ధం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, గుర్తుపెట్టుకున్న ప్రభుత్వాలు ఇంకా తక్కువ. వెళ్లొచ్చినవాళ్ల మనసులో ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

1999 కార్గిల్ తరం వేరు. ఆ యుద్ధాన్ని దేశం టీవీలో చూసింది. శిఖరాల మీద పదాతి దళం ఎక్కుతుంటే, కింద ద్రాస్ లోయ నుంచి శతఘ్ని దళం సుమారు రెండున్నర లక్షల గుళ్లు పేల్చింది. బోఫోర్స్ ఫిరంగి దగ్గర ఒకడు గుండు మోసి అందిస్తాడు, ఒకడు ఛార్జి నింపుతాడు, ఒకడు గురి కోణం సరిచూస్తాడు, డిటాచ్‌మెంట్ కమాండర్ ఆజ్ఞ ఇస్తాడు. 155 మిల్లీమీటర్ల గుండు ఒక్కొక్కటి 40 కిలోలకు పైగా ఉంటుంది. సముద్రమట్టానికి పది వేల అడుగుల పైన, గాలి అందని చోట, రాత్రీ పగలూ ఆ బరువు ఎత్తినవాళ్లకు నడుము నొప్పి, వినికిడి లోపం ఇంటిదాకా వెంట వచ్చాయి. పెద్ద మోతల మధ్య ఏళ్లు గడిపిన గన్నర్లకు చెవుడు అందరికీ తెలిసిన వృత్తి రోగమే. అయినా అది సర్వీసు వల్లే వచ్చిందని మెడికల్ బోర్డు ముందు నిరూపించుకుంటేనే వైకల్య పెన్షన్. సాయుధ దళాల ట్రిబ్యునళ్లకు చేరే వివాదాల్లో ఇలాంటివి తక్కువేమీ కాదు.

యుద్ధం లేని ఏళ్లు కూడా ఖాళీ ఏళ్లు కావు. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో దళాలు సుమారు పది నెలలు సరిహద్దులో మోహరించి ఉన్నాయి. రాష్ట్రీయ రైఫిల్స్‌లో కశ్మీర్ పోస్టింగ్ చాలామందికి ఒకటికి రెండుసార్లు వచ్చింది. ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు. నాంపల్లిలోనో విజయవాడలోనో రైలు దిగి ఊరు చేరేసరికి అందులో కొన్ని రోజులు ప్రయాణానికే పోతాయి. ఇంటి వ్యవహారం, అత్తమామల వైద్యం, పిల్లల బడి, పొలం కౌలు అన్నీ భార్య నెత్తినే. సైనికుడి సర్వీసు రికార్డులో ఆమె పేరు నామినీ గడిలో మాత్రమే ఉంటుంది.

పదిహేను, ఇరవై ఏళ్లలో సైన్యం ఆ యువకుడిని మరో మనిషిగా మారుస్తుంది. తెలుగు తప్ప రానివాడు హిందీ ధారాళంగా మాట్లాడతాడు. సిగ్నల్స్‌లో ఉన్నవాడికి రేడియో సెట్లు, ఆప్టికల్ ఫైబర్ లైన్లు, ఎక్స్ఛేంజీలు తెలుసు. ఈఎంఈ వాడు జనరేటర్, ఇంజిన్, రాడార్ విప్పి బిగించగలడు. హవల్దారు ముప్పై మందికి డ్యూటీలు వేసి, వాళ్ల తిండి, సెలవు, గొడవలు అన్నీ చూసినవాడు. విపత్తు వస్తే ఎవరు ఎటు పోవాలో క్షణాల్లో చెప్పగలవాడు.

అలాంటివాడిని నలభై ఏళ్లకు అటూ ఇటూగా ఇంటికి పంపడానికి కారణం ఉంది. సైన్యాన్ని యవ్వనంలో ఉంచాలన్నది విధానం. సిపాయికి సుమారు 17 ఏళ్ల సర్వీసు, నాయక్‌కు 22, హవల్దారుకు 24, సుబేదారుకు 28 ఏళ్లు, కొందరికి రెండేళ్ల పొడిగింపు. జవానుకు పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. చివరి నెలల్లో రెజిమెంట్ కేంద్రానికి వెళ్లి డిశ్చార్జ్ లాంఛనాలు పూర్తి చేసుకోవాలి. ఏఓసీ, ఈఎంఈ వాళ్ల రికార్డ్స్ కార్యాలయాలు సికింద్రాబాద్‌లోనే ఉండటం వల్ల దేశంలో ఎక్కడ పనిచేసినా వాళ్ల కాగితాలు చివరికి ఇక్కడే తేలతాయి. చేతికి డిశ్చార్జ్ బుక్, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు, గుర్తింపు కార్డు అందుతాయి. పెన్షన్ చివరి వేతనంలో సగం. ఒకే హోదా, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్ కావాలని మాజీ సైనికులు దశాబ్దాలు పోరాడాక, 2015 నవంబర్‌లో ఉత్తర్వులు వచ్చాయి, 2014 జూలై 1 నుంచి వర్తించాయి. వైద్యానికి 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్‌ఎస్, సరుకులకు క్యాంటీన్ కార్డు ఉన్నాయి. ఏటా బతికున్నట్టు ధ్రువపత్రం సమర్పించాలి. పెన్షన్లకు స్పర్శ్ ఆన్‌లైన్ విధానం వచ్చాక ఆ పనికి ఊళ్లోని పెద్ద వయసు పెన్షనర్లు సేవా కేంద్రాల దగ్గర క్యూ కడుతున్నారు.

మాజీ సైనికులకు కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో 10 శాతం, ప్రభుత్వ రంగ సంస్థల గ్రూప్-సి ఉద్యోగాల్లో వికలాంగ సైనికుల వాటాతో కలిపి 14.5 శాతం రిజర్వేషన్ కాగితం మీద ఉంది. బ్యాంకు సాయుధ గార్డు ఉద్యోగాలు, డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో మళ్లీ చేరే అవకాశం ఉన్నాయి. పోటీ పరీక్ష రాయాల్సిన చోట పదిహేనేళ్ల కిందట పుస్తకం మూసినవాడు ఇరవై రెండేళ్ల డిగ్రీ కుర్రాడితో పోటీ పడాలి. అందుకే అర్హులు దొరకలేదంటూ ఆ కోటా పోస్టులు ఖాళీగా మిగిలిపోవడం ఏళ్లుగా ఉన్న సమస్య. మిగిలింది ప్రైవేటు సెక్యూరిటీ.

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు గేటు దగ్గర కాపలా పెద్ద విషయం కాదు. దాన్ని మార్చినవి కొన్ని విషాదాలు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు, 2008 నవంబర్‌లో ముంబై దాడి తర్వాత ప్రతి పెద్ద కంపెనీ ప్రాంగణంలోనూ బ్యాగేజీ స్కానర్లు, వాహనాల కింద చూసే అద్దాలు, బారికేడ్లు వచ్చాయి. 2013 అక్టోబర్‌లో మాదాపూర్ నుంచి ఒక మహిళా ఐటీ ఉద్యోగిని అపహరించి అత్యాచారం చేసిన కేసు తర్వాత రాత్రి షిఫ్టుల మహిళలకు క్యాబ్‌లో తోడుగా గార్డును పంపడం మీద పట్టుదల పెరిగింది. సైబరాబాద్ పోలీసులు, ఐటీ సంస్థలు కలిసి నడుపుతున్న భద్రతా మండలి ఈ ఏర్పాట్లను ఒక క్రమంలోకి తెచ్చింది. వీటన్నిటికీ నమ్మకమైన మనుషులు కావాలి. క్రమశిక్షణ, హిందీ, నేర చరిత్ర లేని సర్వీసు రికార్డు ఉన్న మాజీ సైనికుడు అందుకు సరిగ్గా సరిపోయాడు.

చట్టం కూడా అతనివైపే మొగ్గింది. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 ప్రకారం సూపర్‌వైజర్ల నియామకంలో సైన్యం, పోలీసు వంటి దళాల్లో కనీసం మూడేళ్లు పనిచేసినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇతర గార్డులకు 160 గంటల శిక్షణ అవసరమైతే, 2006 నమూనా నిబంధనలు మాజీ సైనికులకు 56 గంటల సంక్షిప్త శిక్షణ చాలన్నాయి. అదే చట్టం ప్రైవేటు గార్డులు సైన్యం, పోలీసు యూనిఫాంను పోలినది వేసుకుంటే ఏడాది వరకు జైలు అని హెచ్చరించింది. ఇన్నేళ్లు ఆ దుస్తుల్లో బతికినవాడు ఇప్పుడు ఏజెన్సీ ఇచ్చిన నీలం చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుంటాడు. మెడల్ రిబ్బన్లు ఇంట్లో పెట్టెలో ఉంటాయి.

ఉదయం ఏడూ నలభై అయిదుకు గార్డు రూం ముందు వరుస కడతారు. సూపర్‌వైజర్ మాజీ హవల్దారైతే ఆ వరుస తీరులోనే తెలిసిపోతుంది. బూట్ల పాలిష్, గెడ్డం, ఐడీ కార్డు, విజిల్ చూస్తాడు. ఎవరు ఏ గేటో, ఎవరు బేస్‌మెంట్‌లోనో, ఎవరు సీసీటీవీ గదిలోనో చెబుతాడు. రాత్రి షిఫ్టు వాళ్లు తాళాల గుత్తి, రిజిస్టర్, వాకీటాకీ అప్పగించి 'చార్జ్' ఇచ్చి వెళ్తారు. ఎనిమిది నుంచి ఎనిమిది దాకా పన్నెండు గంటల డ్యూటీ. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. బయటికి వెళ్లే ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్‌ను గేట్‌పాస్‌తో సరిచూడటం, కార్డు మరిచిపోయి తొందరలో ఉన్న ఉద్యోగిని మర్యాదగా ఆపడం, ఫైర్ డ్రిల్‌లో అంతస్తు ఖాళీ చేయించడం అతని పని. ఆపితే విసుక్కునేవాళ్లు ఉంటారు, ఆపకపోతే మెమో ఇచ్చే ఆఫీసు ఉంటుంది. సూపర్‌వైజర్ కింద పనిచేసే గార్డులు అస్సాం, ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లతో హిందీలో మాట్లాడి, గొడవలు తీర్చి, జ్వరమొస్తే ఆసుపత్రికి పంపేది ఈ మాజీ హవల్దారే. కంపెనీ లెక్కల్లో ఆ పనికి పేరు లేదు.

జీతం చెల్లించే గొలుసు పొడవైనది. ఐటీ కంపెనీ భవన నిర్వహణ సంస్థకు కాంట్రాక్టు ఇస్తుంది, అది సెక్యూరిటీ ఏజెన్సీకి ఇస్తుంది, ఏజెన్సీ గార్డును పెట్టుకుంటుంది. ప్రతి మెట్టు దగ్గరా కొంత తగ్గుతుంది. రక్షణ మంత్రిత్వ శాఖలోని పునరావాస డైరెక్టరేట్ స్పాన్సర్ చేసే ఏజెన్సీలకు మెరుగైన వేతన రేట్లు, 90 శాతం గార్డులు మాజీ సైనికులే ఉండాలన్న నియమం ఉన్నాయి. వాటి పని ప్రధానంగా ప్రభుత్వ రంగ సంస్థల్లోనే. ప్రైవేటు ఐటీ కంపెనీకి ఆ రేట్లు పాటించాల్సిన అవసరం లేదు. కాంట్రాక్టు మారితే అదే గేటు దగ్గర అదే మనిషి కొత్త ఏజెన్సీ చొక్కాలో మళ్లీ మొదటి రోజు ఉద్యోగి అవుతాడు.

ఆ తక్కువ జీతానికి మాజీ సైనికుడు ఎందుకు ఒప్పుకుంటున్నాడన్నది ఈ విషయంలో అసలు ప్రశ్న. ఒప్పుకోగలుగుతున్నది పెన్షన్ వల్ల. ఇంటి అద్దె, పిల్లల ఫీజులో కొంత పెన్షన్ మోస్తుంది, వైద్యాన్ని ఈసీహెచ్‌ఎస్ చూసుకుంటుంది. మిగతాదానికి గేటు జీతం సరిపెట్టుకుంటాడు. అంటే ప్రజాధనంతో తయారైన మనిషిని, ప్రజాధనంతో బతుకు సగం గడుస్తున్న మనిషిని ప్రపంచంలోని పెద్ద కంపెనీలు తక్కువ ఖర్చుకు పొందుతున్నాయి. పెన్షన్ అతని గత సేవకు దేశం చెల్లిస్తున్న బాకీ. అది నేటి శ్రమకు యజమాని చెల్లించాల్సిన వేతనంలో కోతగా మారడం అన్యాయం.

రెండో అన్యాయం నైపుణ్యం దగ్గర ఉంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ డేటా కేంద్రాలను ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలో ఇక్కడి డేటా కేంద్ర ప్రాంతాన్ని ప్రకటించింది. అక్కడ రాత్రీపగలూ నడవాల్సినవి జనరేటర్లు, యూపీఎస్‌లు, శీతలీకరణ యంత్రాలు, ఫైబర్ లైన్లు. ఇరవై ఏళ్లు సరిగ్గా ఆ పనులే చేసిన సిగ్నల్స్, ఈఎంఈ హవల్దార్లు ఆ గేటు బయట విజిటర్ రిజిస్టర్ రాస్తున్నారు. సైనిక ట్రేడ్‌లను జాతీయ నైపుణ్య అర్హతల చట్రంతో జోడించే పని జరిగింది. అయినా ఏజెన్సీ, మానవ వనరుల విభాగం 'ఎక్స్-ఆర్మీ' అనగానే చూసేది భుజం ఎత్తు, మీసం, సెల్యూట్. డిశ్చార్జ్ బుక్‌లోని ట్రేడ్ పేజీ ఎవరూ తిప్పరు. అధికారుల సంగతి కొంత మెరుగు. పునరావాస డైరెక్టరేట్ వారికి ఐఐఎంలలో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు ఏర్పాటు చేస్తోంది, ఆ తర్వాత కొందరు ఇదే కారిడార్‌లో అడ్మినిస్ట్రేషన్, సరఫరా, భద్రతా విభాగాలకు అధిపతులయ్యారు. అదే తరహా వంతెన హవల్దారుకు లేదు.

ఇల్లు కూడా దూరమే. క్యాంటీన్, ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్, సైనిక ఆసుపత్రి చుట్టుపక్కల ఉంటాయని చాలామంది అల్వాల్, యాప్రాల్, బొల్లారం, సైనిక్‌పురి వైపు స్థిరపడ్డారు. పని పడమరన. ఎంఎంటీఎస్ రైల్లో హైటెక్ సిటీ స్టేషన్‌కు వచ్చిపోవడానికి పన్నెండు గంటల డ్యూటీ మీద మరో రెండు మూడు గంటలు పడతాయి. కుటుంబాన్ని ఊళ్లోనే ఉంచినవాళ్లు పని దగ్గరే సిద్దిఖ్ నగర్, అంజయ్య నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటున్నారు. సర్వీసంతా భార్యాపిల్లలకు దూరంగా ఉన్నవాడు విరమణ తర్వాత కూడా దూరంగానే ఉంటున్నాడు.

2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ మొత్తం లెక్కను మార్చబోతోంది. శారీరక, వైద్య పరీక్షలు దాటి రాత పరీక్ష కోసం ఎదురుచూస్తున్న యువకుల కోపం జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో బద్దలైంది, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. కొత్త విధానంలో అగ్నివీర్లుగా చేరేవారి సర్వీసు నాలుగేళ్లు. ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకే శాశ్వత కేడర్‌లోకి తీసుకుంటారు. మిగతావారికి సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధి ఇచ్చి పంపుతారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి బ్యాచ్‌కు 2026 చివరికి, 2027 ఆరంభానికి నాలుగేళ్లు నిండుతాయి.

ఇప్పటి సూపర్‌వైజర్‌కు తక్కువ జీతాన్ని భరించే శక్తి ఇచ్చిన పెన్షన్ ఆ కుర్రాళ్లకు ఉండదు. ఇరవై రెండు, ఇరవై అయిదేళ్ల వయసులో, ఆయుధ శిక్షణతో, చేతిలో ఒకే విడత సొమ్ముతో వాళ్లు ఇదే బజారుకు వస్తారు. వాళ్లను గేటు కాపలాకే పరిమితం చేస్తే, పన్నెండు గంటల డ్యూటీ జీతం మీద ఒక కుటుంబాన్ని నిలబెట్టాల్సి ఉంటుంది. ఈ పరిస్థితి మారడానికి కావాల్సినవి కొత్త పథకాలు కావు. డిశ్చార్జ్‌కు ముందే ట్రేడ్‌కు ఐటీఐ, డిప్లొమాలతో సమానమైన, యజమాని చదివి అర్థం చేసుకోగల ధ్రువపత్రం ఇవ్వాలి. డేటా కేంద్రాలకు భూమి, విద్యుత్ రాయితీలు ఇస్తున్న రాష్ట్ర ప్రభుత్వం నిర్వహణ ఉద్యోగాల్లో సైనిక సాంకేతిక నిపుణులకు అవకాశం ఇవ్వాలని ఒప్పందంలోనే రాయాలి. భద్రతా కాంట్రాక్టుల్లో పునరావాస డైరెక్టరేట్ రేట్లను ప్రైవేటు కంపెనీలు కూడా కనీస ప్రమాణంగా తీసుకోవాలి. కాంట్రాక్టు మారినా గార్డు సర్వీసు కొనసాగేలా ప్రధాన యజమాని బాధ్యత వహించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఇప్పుడు ప్రధానంగా పెన్షన్, ఉపకార వేతనాల కాగితాలకే పరిమితమయ్యాయి. రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల్లోనైనా వాటికి కారిడార్ కంపెనీలతో నేరుగా మాట్లాడే ఉద్యోగ విభాగం ఉండాలి, అగ్నివీర్లకు కూడా ఆ తలుపు తెరవాలి.